రెండు నిలువు గీతలు నేర్పిన పాఠం

పోయిన జనవరిలో జేఈఈ మెయిన్ పరీక్ష రాసి వస్తూ నేను మా నాయనకు ఒక అబద్ధం చెప్పాను. చిన్న అబద్ధమే కదా అనుకున్నాను. కానీ ఆ ఒక్క మాట వల్ల మా తమ్ముడిని ఈ బడి మాన్పించే దాకా వచ్చింది. ఆ సంగతినీ, దానికి కారణమైన ఒక లెక్కనూ కలిపి మన బడి పత్రికకు రాయమని లెక్కల సారు చెప్పారు. "అబద్ధం సంగతి కూడా రాయాలా సార్?" అని అడిగాను. "అది లేకుంటే ఆ లెక్క ఎవరికి గుర్తుంటుందమ్మా?" అన్నారు. అందుకే రెండూ రాస్తున్నాను.

మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం కూడా మాట్లాడే ఊరు. నాయన సిప్కాట్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. అమ్మ బాగలూరు వైపు రోజాపూల తోటలో పూలు కోసే పనికి పోతుంది. తమ్ముడు ఇప్పుడు ఎనిమిది, మన బడిలోనే. నేను ఒకటో తరగతి నుంచీ తెలుగులోనే చదువుకున్నాను. పదకొండుకు వచ్చాక లెక్కల సారు తన దగ్గరున్న పాత తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ పుస్తకం ఒకటి నాకిచ్చారు. అట్ట ఊడిపోయి ఉంటే అవ్వ సంచిగుడ్డతో కుట్టిపెట్టింది.

జేఈఈ మెయిన్ 2021 నుంచి 13 భాషల్లో జరుగుతోంది. అందులో తెలుగు ఒకటి. ఇంగ్లీషు ప్రశ్నపత్రమైతే దేశంలో ఏ కేంద్రంలోనైనా రాయవచ్చు. తెలుగు కావాలంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కేంద్రం పెట్టుకోవాలి. తెలుగు ఎంచుకున్నవాళ్ళకు తెర మీద తెలుగూ ఇంగ్లీషూ రెండూ కనిపిస్తాయి. రెండింటికీ తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే చెల్లుతుంది.

అప్లికేషన్ నింపేటప్పుడు నేను ఆ గడి దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషు పెడితే దగ్గరలోనే రాసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. తెలుగు పెడితే ఎల్ల దాటి పోవాలి. నాయన ఒకటే మాట అన్నాడు.

"నీకు ఏ భాషలో బుర్రకి ఎక్కుతాదో ఆ భాషలో రాయి పాపా. తిరపతి మనకు తెలీని ఊరా?"

అలా తిరుపతి పెట్టుకున్నాం. నాయన చీటీ డబ్బులు వచ్చే దాకా ఆగకుండా, కూడా పనిచేసే ఆయన దగ్గర మూడు వేలు అప్పు తీసుకున్నాడు. రెండు రోజుల కూలి పోగొట్టుకుని నాతో వచ్చాడు. ఉదయం 9 గంటల షిఫ్టు కాబట్టి ముందురోజే పోయి బస్టాండు దగ్గర ఒక గదిలో ఉన్నాం. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. నాయనకూ పట్టలేదని నాకు తెలుసు, అటు తిరిగి పడుకుని ఉన్నాడు గానీ గురక లేదు.

పరీక్ష గురించి మన చిన్న తరగతుల వాళ్ళకు కొంచెం చెప్పాలి. మూడు గంటలు, కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒక్కొక్కదానికి 25 చొప్పున 75 ప్రశ్నలు, 300 మార్కులు. ప్రతి సబ్జెక్టులోనూ 20 ప్రశ్నలకు నాలుగేసి జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. మిగతా 5 ప్రశ్నలకు జవాబులు ఇవ్వరు. మనకు వచ్చిన సంఖ్యను మనమే అంకెలు నొక్కి పెట్టాలి. ఒప్పయితే 4 మార్కులు. తప్పయితే ఉన్నదాంట్లోంచి 1 పోతుంది. వదిలేస్తే పోయేదీ లేదు, వచ్చేదీ లేదు.

లెక్కల్లో ఆ చివరి అయిదింటిలో ఒకటి చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నిలువు గీతలు! మనం మాడ్యులస్ అంటాం, అకాడమి పుస్తకంలో పరమ మూల్యం అని ఉంటుంది. అంకెలు సరిగ్గా అవే కాకపోవచ్చు గానీ లెక్క పోలిక ఇది. తెలియని సంఖ్యను సారు బోర్డు మీద రాసినట్టే ‘క్ష’ అని రాస్తాను:

|క్ష² − 4క్ష| = 2క్ష − 9 అనే సమీకరణానికి వాస్తవ మూలాలు ఎన్ని?

గీతల లోపల ఉన్నది ధనమైతే ఒక సమీకరణం, ఋణమైతే ఇంకొకటి. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. గబగబా రఫ్ కాగితం మీద వేశాను.

మొదటిది: క్ష² − 4క్ష = 2క్ష − 9. అంటే క్ష² − 6క్ష + 9 = 0. అది (క్ష − 3)² = 0. కాబట్టి క్ష = 3.

రెండోది: క్ష² − 4క్ష = −2క్ష + 9. అంటే క్ష² − 2క్ష − 9 = 0. సూత్రం వేస్తే క్ష = 1 + √10, 1 − √10.

మొత్తం మూడు. ‘3’ నొక్కాను. భద్రపరచి ముందుకు పోయాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నా అంత తొందరగా ఈ గదిలో ఎవరూ చేసి ఉండరనుకున్నాను.

బయటికి వచ్చాక గేటు దగ్గర ఇద్దరు అబ్బాయిలు మాట్లాడుకుంటున్నారు. "ఆ మాడ్యులస్ లెక్కకు ఎంత పెట్టినావు?" "సున్నా. కుడి పక్కన నెగటివ్ వచ్చేస్తుంది కదా, ఏదీ నిలబడదు." అది విన్న చోటే నా కాళ్ళు ఆగిపోయాయి. ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమైనాక దానితో పాటు, అలాగే తొందరపడి చేసిన ఇంకో రెండు మూడు లెక్కలు కూడా గుర్తొచ్చాయి.

ఎదురుగా నాయన చేతిలో ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉన్నాడు.

"ఎట్ల రాసినావు పాపా?"

అప్పుడు అన్నాను. "తెలుగులో మాటలు కష్టంగా ఉండాయి నాయనా. సగం అర్థమే కాలేదు. ఇంగ్లీషు మీడియం వాళ్ళకయితే సులభంగా ఉన్నింది."

ఆ ప్రశ్నలో ఉన్న తెలుగు మాటలు నాలుగే. ‘సమీకరణం’, ‘వాస్తవ’, ‘మూలాలు’, ‘ఎన్ని’. నాలుగూ నాకు తెలుసు. మిగతాదంతా అంకెలూ గీతలూ. అవి ఏ భాషలోనైనా అవే.

నాయన ఇంకేమీ అడగలేదు. పొట్లం విప్పి నా చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం మా మామ ఇంటికి వచ్చాడు. అమ్మకు తమ్ముడు, బెంగళూరులో ఒక కంపెనీలో పని. మంచివాడు, మా మేలు కోరేవాడే. సంగతి విని అన్నాడు. "నేను అప్పుడే చెప్పినా కద బావా. పాప కష్టపడే పిల్ల. దానికే ఇట్లయితే పిల్లోడి గతేమి? వాణ్ణన్నా ఇప్పుడే ఇంగ్లీషు మీడియంలో వెయ్యి. జూన్‌లో టీసీ తీసుకో. మొదటి యేడు ఫీజు సగం నేను కడతా."

నాయన ‘ఊ’ అన్నాడు. మా నాయన ‘ఊ’ అంటే సగం ఒప్పుకున్నట్టే. అమ్మ ఆ రాత్రి తోట యజమాని దగ్గర ఎంత అడ్వాన్సు అడగవచ్చో లెక్క వేసుకుంటూ కూర్చుంది. తమ్ముడు సంగటి ముద్ద ముట్టలేదు. "నేను ఏం తప్పు చేసినానక్కా?" అని అడిగాడు. నేను పుస్తకంలో తల పెట్టుకుని వినబడనట్టు ఊరుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరిలో మన జవాబులూ, తాత్కాలిక ‘కీ’ రెండూ వెబ్‌సైటులో పెట్టారు. హోసూరులో కంప్యూటర్ సెంటరుకు పోయి చూసుకున్నాను. ఆ లెక్క దగ్గర నా జవాబు 3, కీలో 0. సెంటరు ఆయన అడిగాడు, "కీ తప్పనిపిస్తే అభ్యంతరం పెట్టొచ్చు పాపా. ప్రశ్నకు 200 రూపాయలు. పెడతావా?" ఏమని పెట్టేది? అభ్యంతరం పెట్టాలంటే నా మీద నేనే పెట్టుకోవాలి.

మరుసటిరోజు ఆ కాగితం పట్టుకుని సారు దగ్గరికి పోయాను. ఆయన తిట్టలేదు. సుద్దముక్క నా చేతికిచ్చి, "పరమ మూల్యం అంటే ఏమిటో సూత్రం లేకుండా చెప్పు" అన్నారు. నేను నిలబడిపోయాను. సూత్రం లేకుండా నాకు చెప్పడం రాలేదు. అప్పుడు సారు మొదటినుంచి చెప్పారు. నాకు పదకొండులో చెప్పిన పాఠమే, కానీ ఈసారి వేరుగా వినిపించింది.

"హోసూరు నుంచి కృష్ణగిరి వైపు అయిదు కిలోమీటర్లు పోయినా, బెంగళూరు వైపు అయిదు కిలోమీటర్లు పోయినా, బస్సులో టికెట్టు ఎంత? రెండు పక్కలా అంతే కద. కండక్టరుకు దిక్కుతో పని లేదు, దూరంతోనే పని. ఆ రెండు గీతలు కండక్టరు లాంటివి. లోపల +5 ఉన్నా −5 ఉన్నా బయటికి 5 అనే చెప్తాయి. |క్ష − 3| అంటే 3 దగ్గర పాతిన రాయి నుంచి క్ష ఎంత దూరంలో ఉందో అంతే. |క్ష − 3| = 5 అంటే ఆ రాయికి అయిదు దూరంలో ఎవరున్నారు అని. ఒక పక్క 8, ఇంకో పక్క −2. రెండు జవాబులు ఎందుకు వస్తాయో ఇప్పుడు తెలిసిందా?"

తెలిసింది. "మరి |క్ష − 3| = −5 అయితే?" అన్నారు. "దూరం ఋణం కాదు కద సార్. జవాబు లేదు" అన్నాను.

"ఈ మాట నువ్వు తిరుపతిలో అని ఉంటే సరిపోయేది. నీ లెక్కలో కుడి పక్క ఏముంది? 2క్ష − 9. ఎడమ పక్క దూరం. దూరానికి సమానమైనది ఋణం కాకూడదు. అంటే 2క్ష − 9 సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. క్ష 4.5 కంటే తక్కువ కాకూడదు. ఇప్పుడు నీ ముగ్గురు అతిథుల్ని వాకిట్లో నిలబెట్టి చూడు."

చూశాను. 3, 4.5 కంటే తక్కువ. √10 సుమారు 3.16 కాబట్టి 1 + √10 అంటే 4.16, అదీ తక్కువే. 1 − √10 అయితే సున్నాకు కింద −2.16. ముగ్గురిలో ఒక్కరికీ లోపలికి వచ్చే అర్హత లేదు. జవాబు సున్నా. మొదట ఆ ఒక్క షరతు రాసుకుని ఉంటే, చివర ఒక్క చూపు చూస్తే చాలు. నేను అతిథుల్ని పిలిచాను గానీ వాళ్ళు మా ఇంటివాళ్ళేనా అని చూడలేదు.

ఆ రోజు సారు ఇంకో సంగతి చెప్పారు. మన భాషలో ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటున్నామే, ఆ మాటలు ఊరికే పెట్టినవి కావట. ధనం అంటే చేతిలో ఉన్న డబ్బు, ఋణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రహ్మస్ఫుట సిద్ధాంతం’లో ధన, ఋణాలను కూడేందుకూ, తీసేందుకూ, గుణించేందుకూ ఈ మాటలతోనే నియమాలు రాశాడు. ఈ నిలువు గీతల గుర్తు మాత్రం చాలా తర్వాతది. దాన్ని 1841లో జర్మనీ గణితవేత్త వయర్‌స్ట్రాస్ వాడాడు. "మూడు వేలు చేతిలో ఉన్నా, మూడు వేలు అప్పున్నా, సంఖ్య మూడు వేలే. గీతల మధ్య పెడితే రెండూ ఒకటే. కానీ ఇంట్లో రెండూ ఒకటేనా?" అని సారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాయన నా కోసం చేసిన మూడు వేల అప్పు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం నాయన పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పోయి చెప్పేశాను. భాష కష్టం కాలేదనీ, ప్రశ్న బాగానే అర్థమైందనీ, సరిచూసుకోకుండా తొందరపడి పోగొట్టుకున్నాననీ. కొట్టినా బాగుండుననిపించింది. నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి తన సంచిలోంచి ఒక మడత కాగితం తెచ్చాడు. వర్క్‌షాపు డ్రాయింగ్ అది. ఒక షాఫ్టు బొమ్మ, పక్కన ‘25 ± 0.05’ అని ఉంది.

"ఇదేమో తెలుసునా? షాఫ్టు 25 మిల్లీమీటర్లు ఉండాల. సరిగ్గా 25 ఎప్పుడూ రాదు. 24.95 నుంచి 25.05 దాకా రావచ్చు. అవతల పడితే రిజెక్టు."

నేను కాగితం మీద |క్ష − 25| ≤ 0.05 అని రాసి చూపించాను. "నాయనా, నువ్వు దినమూ చేసేది మాడ్యులస్ లెక్కే" అన్నాను. నాయన ఆ గీతల వైపు కాసేపు చూశాడు.

"సరే గానీ నీ లెక్కలో లేనిది ఒకటుండాది. షాఫ్టు లావుగా ఉంటే మళ్ళీ మిషన్‌కి పెట్టి కోస్తాం. సన్నమైపోతే ఇంకేం చేయలేం, తుక్కులోకి పోతాది. రెండు తప్పులూ ఒకే దూరం గానీ ఒకే తప్పు కాదు. ఇంకోటి విను. రిజెక్టు అయిన ప్రతిదానికీ బుక్కులో కారణం రాయాల. నేను కొలత సరిగ్గా చూసుకోలేదనుకో, ఆ మాటే రాయాల. సిగ్గుపడి ‘మిషన్ తప్పు’ అని రాస్తే ఏమవుతాది? మరుసటిరోజు బాగుండే మిషన్‌ని ఇప్పేస్తారు."

అంతే అన్నాడు. ఆ బాగున్న మిషన్ ఏదో నాకు వేరే చెప్పనక్కర్లేదు. నేను బుక్కులో తప్పు కారణం రాశాను. దానివల్ల మా తమ్ముడి చదువును విప్పదీయబోయారు.

తర్వాతి వారం మామ మళ్ళీ వచ్చాడు, అడ్మిషన్ ఫారం తెచ్చాడు. నాయన నన్ను పిలిచి, "నువ్వే చెప్పు" అన్నాడు. అందరి ముందూ చెప్పాను. మామ ఒక నిమిషం ఊరుకుని, "సరే, పాప తప్పు పాపది. అయినా రేపు ఉద్యోగాలకు ఇంగ్లీషు కావద్దా?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. నాయన అన్నాడు, "కావాల. దాని గురించి మాట్లాడదాం. మార్చాలంటే మారుద్దాం. గానీ నిజం కారణం పెట్టుకుని మారుద్దాం, అబద్ధం పెట్టుకుని కాదు."

ఆ మాట జరుగుతుండగా నేను నేల మీద సుద్దతో లెక్క చేసుకుంటున్నాను. సారు ఇచ్చింది: |క్ష − 2| + |క్ష − 8| = 6, జవాబులు ఎన్ని? నేను మూడు సందర్భాలుగా విడగొట్టుకుంటున్నాను. తమ్ముడు పక్కన కూర్చుని అడిగాడు, "ఏందక్కా ఇది?" సారు మాటల్లోనే చెప్పాను. "రోడ్డు మీద రెండో కిలోమీటరు దగ్గర మన ఇల్లు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర బడి. నువ్వు రోడ్డు మీద ఎక్కడో నిలబడినావు. ఇంటికి దూరం, బడికి దూరం కూడితే ఆరు రావాల. ఎక్కడ నిలబడతావు?"

వాడు ఆలోచించనైనా లేదు. "ఇంటికీ బడికీ నడాన యాడ నిలబడినా ఆరే కదక్కా! ఇంత తక్కువైతే అంత ఎక్కువైతాది." జవాబు ఒకటీ రెండూ కాదు. 2 నుంచి 8 దాకా ఉన్న ప్రతి సంఖ్యా జవాబే. "మరి పది రావాలంటే?" అన్నాను. వాడు వేళ్ళు మడిచి, "బడి దాటి ఇంకో రెండు కిలోమీటర్లు పోవాల. లేదంటే ఇల్లు దాటి ఇటు పక్క రెండు" అన్నాడు. అంటే 10, 0. సరిపోయింది. "నాలుగు రావాలంటే?" "రాదు. ఇంటికీ బడికే ఆరుండాది. అంతకు తక్కువ యాడ నుంచి వస్తాది?"

ఎనిమిదో తరగతి పిల్లవాడు. మాడ్యులస్ అనే మాటే వినలేదు. మామ కుర్చీలోంచి వంగి నేల మీద గీతలు చూస్తున్నాడు. "ఏమిరా, ఇదంతా యాడ నేర్చినావు?" అన్నాడు. "అక్క చెప్పింది కద మామా, అర్థమయింది" అన్నాడు వాడు. వాడి భాషలో చెప్పాను కాబట్టి అర్థమయింది. ఆ మాట నేను పైకి అనలేదు, అనే హక్కు నాకు అప్పటికి లేదు. మామ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరికి తేలింది ఏమిటంటే, వాడు పది దాకా ఇక్కడే చదువుతాడు. మామ వచ్చిన ప్రతి ఆదివారం వాడితో ఒక గంట ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. వాడు తప్పించుకోవడానికి గోడ దూకుతాడు, అది వేరే సంగతి.

ఏప్రిల్‌లో రెండోసారి పరీక్ష ఉంది. రెండింటిలో ఎక్కువ వచ్చిన స్కోరే తీసుకుంటారు. అప్లికేషన్‌లో భాషను మళ్ళీ ఎంచుకునే వీలుంది. నేను ఆ గడి దగ్గర ఈసారి ఆగలేదు. తెలుగు, తిరుపతి.

మార్చిలో పన్నెండో తరగతి పరీక్షలు జరుగుతున్నా, దినమూ ఒక అరగంట ఈ లెక్కలకే పెట్టుకున్నాను. నా తర్వాత రాయబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొస్తుందని, నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను.

ఒకటి. ‘−క్ష’ కనబడగానే ఋణం అనుకోవద్దు. క్ష −7 అయితే −క్ష అంటే 7. గీతలు తీసేటప్పుడు లోపలిది ఋణమైతే ముందు మైనస్ పెట్టేది దాన్ని ధనం చేయడానికే. నేను పదకొండు అంతా దీన్ని బట్టీ పట్టాను గానీ ఎందుకో ఆలోచించలేదు.

రెండు. √(క్ష²) అంటే క్ష కాదు, |క్ష|. (−3)² వర్గమూలం 3 అవుతుంది, −3 కాదు. గీతలు కనబడకుండా దాక్కుని వచ్చే మాడ్యులస్ ఇది.

మూడు. |క్ష|² − 5|క్ష| + 6 = 0 లాంటిది వస్తే |క్ష|ను ఒక సంఖ్యగా పెట్టుకోండి. అది 2 గానీ 3 గానీ అవుతుంది. కాబట్టి 2, −2, 3, −3 నాలుగు మూలాలు. కానీ |క్ష|² + |క్ష| − 6 = 0 అయితే 2, −3 వస్తాయి. |క్ష| ఎప్పుడూ −3 కాదు, దాన్ని కొట్టేయాలి. మిగిలేవి 2, −2 రెండే. చూడటానికి రెండు లెక్కలూ అన్నదమ్ముల్లా ఉంటాయి, జవాబులు వేరు.

నాలుగు. |క్ష − 3| < 5 అంటే రాయికి దగ్గరగా ఉన్నవాళ్ళు, −2కూ 8కీ మధ్య. |క్ష − 3| > 5 అంటే దూరంగా ఉన్నవాళ్ళు. వాళ్ళు రెండు పక్కలా ఉంటారు, 8కి అవతల, −2కు ఇవతల. ఈ రెండు ముక్కల్ని ఒకే ముక్కగా రాయకూడదు.

అయిదు. జవాబులు ఇచ్చిన ప్రశ్నలో, వాటిని ఒక్కొక్కటిగా సమీకరణంలో పెట్టి చూడండి. అది దొంగదారి కాదు, సరిచూసుకోవడమే. జవాబు మనమే నొక్కాల్సిన ప్రశ్నలో మనల్ని సరిచేసేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి ప్రతి విలువనూ మొదటి సమీకరణంలోనే పెట్టి చూడాలి, మధ్యలో మనం మార్చి రాసుకున్నదాంట్లో కాదు. నేను మార్చి రాసుకున్న రెండు సమీకరణాలూ సరైనవే, వాటి జవాబులూ సరైనవే. అసలు ప్రశ్నకే అవి జవాబులు కావు.

ఏప్రిల్‌లో మళ్ళీ నాయనే వచ్చాడు. ఈసారి అప్పు చేయలేదు, చీటీ ఎత్తాడు. పరీక్షలో రెండు నిలువు గీతల లెక్క ఒకటి వచ్చింది. ముందు పక్కన షరతు రాసుకున్నాను. రెండు విలువలు వచ్చాయి. రెండింటినీ వాకిట్లో నిలబెట్టాను. ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. సరిచూసుకోవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. జనవరిలో ఆ నిమిషాన్ని మిగుల్చుకున్నానని గర్వపడ్డాను. ఆ నిమిషం మా ఇంటికి ఎంత ఖర్చు తెచ్చిందో ఇప్పుడు తెలుసు.

గేటు బయట నాయన మళ్ళీ పొట్లంతో నిలబడి ఉన్నాడు. "ఎట్ల రాసినావు పాపా?"

"లెక్కలు పోయినసారి కంటే బాగా రాసినా. రసాయనశాస్త్రంలో నాలుగు తెలీక వదిలేసినా. భౌతికశాస్త్రంలో ఒకటి తప్పు పెట్టినట్టున్నా. అది నా తప్పే, చదువుకోలేదు" అన్నాను. నాయన తల ఊపి పొట్లం విప్పాడు. ఆ రోజు ఇడ్లీ చల్లగా ఉన్నా బాగుంది.

ఇది రాసేటప్పటికి ఫలితం రాలేదు. ఎంత వస్తుందో తెలియదు. మంచి కాలేజీలో సీటు రాకపోయినా, పైకి వచ్చిన సంఖ్యకు కారణం మాత్రం నిజమైనదే రాసుకుంటాను. చిన్న తరగతుల వాళ్ళను నేను అడిగేది ఒకటే. మనకు మార్కులు తగ్గితే మన బడినో, మన భాషనో ముందుకు నెట్టి వెనక దాక్కోవద్దు. మన తెలుగు బడికి నిజంగా ఉన్న కష్టాలు చాలు, మన తప్పుల్ని కూడా దాని నెత్తిన పెట్టవద్దు.

సూత్రం లేకుండా చెప్పమని నన్ను బోర్డు ముందు నిలబెట్టిన లెక్కల సారుకు, డ్రాయింగ్ కాగితం చూపించిన మా నాయనకు నమస్కారాలు. ఆ కాగితం ఇప్పుడు అవ్వ కుట్టిన అకాడమి పుస్తకంలో ఉంది. జూన్‌లో ఆ పుస్తకాన్ని సారుకు తిరిగిచ్చేస్తాను, తర్వాత చదివేవాళ్ళకు పనికొస్తుంది. కాగితం మాత్రం నేను ఉంచుకుంటాను.